పచ్చికబీళ్లు – ఎరువుల బలము – గడ్డిజాతుల లెక్క

పశువుల మంద రాత్రులు నిలిచిన చోటు తొలకరి వానల పిమ్మట ఎట్లుండునో మన రైతుసోదరులెల్లరు నెరుగుదురు. పేడయు మూత్రమును పడిన ఆ నేలపై ముళ్లతోటకూర మోకాలెత్తున దట్టముగా లేచును. దాని నీడలో గరిక గాని, నేలనంటి ప్రాకెడు సన్నమొక్కలు గాని కానరావు. అచ్చటినుండి పది బారలు దూరము నడచినచో, గడ్డి పొట్టిదే యైనను అందు పలుజాతులు కలసి పెరుగుచుండును. నేలకు బలము హెచ్చినచోట పచ్చదనము హెచ్చినది, జాతులు తగ్గినవి. బీటిభూములకు యూరియా చల్లి మేత పెంచుకొందమని తలచు సభ్యులకు ఈ సంగతి ముఖ్యమైనది గనుక, దీనిని గూర్చి ఈ నెల కొంత వివరింపనెంచితిమి.

ఈ విషయమై ప్రపంచములోకెల్ల దీర్ఘకాలముగా జరుగుచున్న పరీక్ష ఇంగ్లండు దేశమున రోథామ్‌స్టెడ్ క్షేత్రమునందు గలదు. 1856వ సంవత్సరమున లాస్, గిల్బర్ట్ అను నిరువురు దాని నారంభించిరి. నూరేండ్లకు తక్కువగాక పచ్చికగానే యున్న సుమారు 7 ఎకరముల భూమిని మడులుగా విభజించి, ఒక్కొక్క మడికి ఒక్కొక్క విధమగు ఎరువును ఏటేట వేయుచువచ్చిరి. కొన్ని మడులకు ఏ యెరువును వేయలేదు. ఎచ్చటను విత్తనము చల్లలేదు. ఏటేట జూన్ నెల నడుమ గడ్డి కోసి, శరత్కాలమున మరల కోయుదురు. ఆ పరీక్ష నేటికిని సాగుచున్నది.

ఎండుగడ్డి దిగుబడిని హెచ్చించుటయే వారి మొదటి యుద్దేశము. అది నెరవేరినది. కాని కొలది యేండ్లలోనే మడులు ఒకదానితో నొకటి పోలిక లేకుండ మారిపోయినవి. ఎరువు లేని మడులలో సుమారు 40 జాతుల మొక్కలు నిలిచినవి. సున్నము లేకుండ అమ్మోనియం సల్ఫేటును ఏటేట అధికముగా పొందిన మడులలో రెండు మూడు జాతులు మాత్రమే మిగిలినవి. ఈ హెచ్చు మోతాదు హెక్టారునకు 144 కిలోల నత్రజని.

ఇట్లగుటకు కారణములు రెండు. మొదటిది నీడ. నత్రజని దొరకినంతనే పొడవుగా పెరుగు జాతులు ముందుగా లేచి వెలుతురును కప్పివేయును. క్రింది పొట్టి మొక్కలు వెలుగు లేక కృశించును. 2009వ సంవత్సరమున జూరిక్ శాస్త్రజ్ఞులు ఎరువు వేసిన పచ్చికలో క్రింది మొక్కలకు దీపముల వెలుతురు నొసంగి చూచిరి. అపుడు జాతుల నష్టము చాలవరకు ఆగినది. రెండవది పులుపు. అమ్మోనియం సల్ఫేటు సున్నము లేని నేలను ఏటికేడు పులియజేయును. అట్టి మడులలో వానపాములు నశించి, కుళ్లని గడ్డి చాపవలె నేలపై పేరుకొనినది.

ఎరువులన్నియు ఒకే విధముగా పనిచేయవు. నత్రజని లేకుండ భాస్వరము, పొటాషు మాత్రము పొందిన మడులలో పప్పుజాతి మొక్కలు వృద్ధిపొందినవి. గాలిలోని నత్రజనిని వేళ్లబుడిపెలలో నిలుపుకొనుట ఆ జాతి లక్షణము గదా! పులుపు లేని నేలలో ఇట్టి మడుల దిగుబడియు బాగుగనే యున్నది.

“పశువునకు కావలసినది మేత గాని, జాతుల లెక్క గాదు గదా?” యని కొందరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము కరవునాడు దొరకును. అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున సీడార్ క్రీక్ అనుచోట 1987, 1988 సంవత్సరములలో గొప్ప అనావృష్టి కలిగెను. అప్పుడు పలుజాతులున్న మడులకంటె, ఎరువుచే జాతులు తగ్గిన మడులలో పచ్చిక మిక్కిలి యధికముగా నష్టపడినది. జాతులు పెక్కుగా నున్నచో ఒకటి ఎండినను మరియొకటి తట్టుకొని నిలుచును.

పోయిన జాతులు మరల వచ్చునా? రోథామ్‌స్టెడ్‌లో 1989 తరువాత కొన్ని మడులకు నత్రజని నిలిపివేయగా, క్రమముగా జాతులు తిరిగి హెచ్చినవి. సీడార్ క్రీక్‌లో నిట్లే నిలిపివేసినను ఇరువది యేండ్లకును తిరిగి రాలేదు. రోథామ్‌స్టెడ్‌లో ఏటేట గడ్డి కోసి తీసికొనిపోవుటచే నేలలోని మిగులు బలము తగ్గి, వెలుతురు నేలకు తగులుచున్నది. ప్రక్క మడులనుండి విత్తనములును వచ్చును. రెండవచోట గడ్డి కోయక విడువగా అది అచ్చటనే పేరుకొని మొలకలను అణచివేసినది. కావున ఎరువు ఎంత ముఖ్యమో, కోతయు మేపును అంత ముఖ్యములు.

మన నేలలు వేరు, వానలు వేరు. ఆ దేశముల అంకెలు మన బీళ్లకు యథాతథముగా వర్తింపవు. సున్నపు పాలుగల నల్లరేగడిలో పులుపు త్వరగా పుట్టదు. కాని నీడ చేయు కీడు ఏ నేలనైనను ఒక్కటే. మరియు మన బీళ్లకు వేరొక యాపద గలదు. విరామము లేక మేపినచో పశువులు రుచిగల జాతులను విత్తు పట్టకమునుపే తినివేయును. ముట్టని ముండ్లమొక్కలు మిగులును. ఎరువు మితిమీరినను, మేపు మితిమీరినను తుదకు కలుగు నష్టము జాతుల లోపమే.

కావున సభ్యులకు మా సూచన లివి. యూరియాను విత్తి పెంచు మేతజొన్నకు వినియోగింపుడు. ఊరుమ్మడి బీటిపై చల్లకుడు. బీటికి బలము చేర్పదలచినచో భాస్వరపు ఎరువును మొదట కొలది చోట వేసి చూడుడు. పప్పుజాతి మొక్కలను కాపాడుడు. బీటిని భాగములుగా చేసి, వంతు చొప్పున ఏటేట నొక భాగమును విత్తు రాలువరకు మేపక విడువుడు. పిమ్మట దానిని కోసి గాని మేపి గాని ఖాళీచేయుడు. ప్రతియేట వానల పిమ్మట ఒకే చోట గజము చదరము కొలిచి, అందలి జాతులను లెక్కించి సంఘపు పుస్తకమున వ్రాసియుంచుడు.

ఈ లెక్కకు పైకము అక్కరలేదు. పశువుల కాపరులకు తెలిసినంతగా గడ్డిపేర్లు మరెవ్వరికిని తెలియవు. వారిని ప్రక్కన నిలుపుకొని లెక్కింపుడు. అయిదేండ్ల లెక్కలు చేతనున్నచో, బీడు బాగుపడుచున్నదో చెడుచున్నదో కరవు రాకమునుపే మనకు తెలియును.