సర్జన్ చేతిలోని పరికరానికి దారి చూపే ఇంజినీర్లు కావాలి

మోకీలు మార్పిడిలో సర్జన్ తొడ ఎముక కింది చివరను, దాని కిందున్న కాలి ఎముక పైభాగాన్ని కోసి లోహపు కీలు అమరుస్తారు. తుంటి నుంచి చీలమండ దాకా కాలు ఒకే ఇరుసులో నిలవాలంటే ఆ కోతలు కుదరాలి. తేడా 3 డిగ్రీలు దాటకూడదన్నది ఆర్థోపెడిక్ సర్జన్లు ఏళ్లుగా పాటిస్తున్న లెక్క. పాత పద్ధతిలో ఎముకకు జిగ్ బిగించి, దాని గాడిలోంచి రంపాన్ని పోనిస్తారు. కంప్యూటర్ నావిగేషన్‌లో రంపం ఎముకకు ఎంత దూరంలో ఉందో, ఏ కోణంలో ఉందో తెర మీద ఎప్పటికప్పుడు కనిపిస్తుంది.

అంతటితో ఆగలేదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధనల్లోంచి పుట్టిన బ్లూ బెల్ట్ టెక్నాలజీస్ అనే పిట్స్‌బర్గ్ కంపెనీ, నావియో అనే చేతి పరికరం చేసింది. ముందే గీసుకున్న హద్దు దాటబోతే దాని కొనలో తిరుగుతూ ఎముకను చెక్కే బర్ తొడుగులోకి వెనక్కి వెళ్లిపోతుంది, లేదా తిరగడం మానేస్తుంది. 2016లో స్మిత్ అండ్ నెఫ్యూ ఆ కంపెనీని కొనేసింది. నెబ్రాస్కా యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో హనీ హైదర్ బృందం అసలు జిగ్ లేకుండానే, నావిగేషన్ సాయంతో చేత్తోనే ఎముకను కోసే పద్ధతి మీద పనిచేసింది. పెద్ద రోబో చెయ్యి అవసరం లేదు, పని సర్జన్ చేతిలోనే ఉంటుంది. ఇలాంటి చేతి పరికరానికి వైరు కూడా లేకుండా చేయడమే ఇప్పుడు ఇంజినీర్ల ముందున్న సవాలు. ఈసీఈ, ట్రిపుల్ ఈ, మెకానికల్ చదువుతూ ‘సాఫ్ట్‌వేర్ తప్ప మాకు దారేముంది’ అనుకుంటున్న విద్యార్థులు ఇటువైపు ఒక్కసారి చూడాలి.

నావిగేషన్ పనిచేసే తీరు ఇది: పరికరం మీదా, ఎముకకు బిగించిన పిన్నుల మీదా కాంతిని తిప్పికొట్టే చిన్న గోళాలు ఉంటాయి. స్టాండు మీద ఉన్న జంట కెమెరాలు ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో వాటిని చూస్తాయి. ఒక వస్తువు స్థానం, దిశ రెండూ తేలాలంటే కనీసం 3 గోళాలు కనిపించాలి. కెనడాకు చెందిన నార్తర్న్ డిజిటల్ కంపెనీ పొలారిస్ కెమెరాలు ఈ పనికి బాగా వాడుకలో ఉన్నాయి. వాటి కొలతలో తేడా మిల్లీమీటరులోపే. మరి చిక్కెక్కడ? అసిస్టెంట్ మోచెయ్యి అడ్డొస్తే కెమెరాకు పరికరం కనపడదు. గోళం మీద రక్తపు చుక్క పడితే కొలత పక్కకు జరుగుతుంది. గోళాలు పిడి దగ్గర ఉంటే, కోసే కొన 10 సెంటీమీటర్ల అవతల ఉంటుంది. పిడి దగ్గర 1 డిగ్రీ పొరపాటు కొన దగ్గర దాదాపు 1.7 మిల్లీమీటర్లవుతుంది. పలుచని రంపపు బ్లేడు ఎముకలో వంగితే ఆ వంపును కెమెరా పట్టలేదు.

వైర్‌లెస్ అనగానే ఆలస్యం కూడా లెక్కలోకి వస్తుంది. కాగితం తీసి లెక్క వేసి చూడండి. కెమెరా సెకనుకు 60 సార్లు చూస్తే రెండు చూపుల మధ్య 16.7 మిల్లీసెకన్లు. సర్జన్ చెయ్యి సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో కదిలితే, ఆ వ్యవధిలోనే కొన 1.67 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. దానికి కంప్యూటర్ లెక్కవేసే సమయం, రేడియో సందేశం వెళ్లే సమయం, మోటారు ఆగడానికి పట్టే సమయం కలపండి. మొత్తం 50 మిల్లీసెకన్లయితే 5 మిల్లీమీటర్లు! మోకాలి వెనుక పెద్ద రక్తనాళం ఉంది, అక్కడ 5 మిల్లీమీటర్లంటే చిన్న విషయం కాదు. అందుకే ఇక్కడ సగటు ఆలస్యం ఎంత అన్నది నాకు పెద్దగా పట్టదు. అన్నింటికన్నా చెడ్డ పరిస్థితిలో ఎంత అన్నదే ముఖ్యం. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో బ్లూటూత్, వైఫై అన్నీ కిక్కిరిసి ఉంటాయి. పక్కనే రక్తస్రావం ఆపే కాటరీ యంత్రం విద్యుత్ రొద చేస్తుంది. ఒక సందేశం పోతే మళ్లీ పంపాలి, ఆలోపు చెయ్యి కదిలిపోతుంది. కాబట్టి ‘ఆగు’ అనే ఆదేశం కోసం పరికరం ఎదురుచూడకూడదు. ‘తిరగొచ్చు’ అనే అనుమతి గడువులోగా మళ్లీ మళ్లీ అందుతుంటేనే మోటారు తిరగాలి. అందకపోతే దానంతటదే ఆగాలి. ఎంబెడెడ్ సిస్టమ్స్ పాఠంలో వాచ్‌డాగ్ టైమర్‌ను 2 మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసినవారు దాన్ని మళ్లీ తెరవాలి.

బ్యాటరీ సంగతి వేరు. పరికరాన్ని ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేస్తారు. మామూలు లిథియం బ్యాటరీ ఆ వేడికి తట్టుకోదు. అందుకే చాలా పరికరాల్లో, శుద్ధి చేసిన పిడిలోకి బయటి బ్యాటరీని సూక్ష్మజీవులు అంటకుండా జారవిడిచి మూత బిగిస్తారు. ఆ మూత, ఆ సీలు ఎలా ఉండాలో ఆలోచించేది మెకానికల్ ఇంజినీరు.

చదువు విషయానికొస్తే, ఇంటర్ ఎంపీసీ తర్వాత బయోమెడికల్ ఒక్కటే దారి అనుకోవద్దు. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో బయోమెడికల్ బ్రాంచి ఉంది, మంచిదే. కానీ కోర్ బ్రాంచిలో గట్టిగా చదివి, పీజీలో ఇటు తిరగడం నా దృష్టిలో ఇంకా మేలు. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపర్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. వైద్య పరికరాల పరిశోధనలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థది పాత పేరు. నావిగేషన్ యంత్రాలు తయారుచేసే మెడ్‌ట్రానిక్‌కు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. విశాఖలో ఏఎంటీజెడ్ (ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్), సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉన్నాయి. అక్కడి కంపెనీలన్నీ ఈ పనే చేయవు, దరఖాస్తుకు ముందు ఏం తయారుచేస్తాయో చూసుకోండి. ఆపరేషన్ థియేటర్‌లో కంప్యూటర్ దగ్గర నిలబడి సర్జన్‌కు సాయపడే క్లినికల్ స్పెషలిస్ట్ ఉద్యోగాలు కూడా ఉంటాయి. ఊళ్లు తిరగాలి, తెల్లవారుజామునే బయల్దేరాలి. అయినా ఆ పని కొన్నాళ్లు చేసివచ్చిన డిజైన్ ఇంజినీరు మాటకు బరువు ఉంటుంది. మూడు నెలల ‘సర్జికల్ రోబోటిక్స్’ సర్టిఫికెట్లకు వేలకు వేలు పోయకండి.

ఆ డబ్బులో కొంత పెట్టి ఇంట్లోనే ఒక ప్రాజెక్టు చేయొచ్చు. ఒక వెబ్‌క్యామ్, ప్రింటు తీసిన ఆరుకో గుర్తులు (కెమెరా పోల్చుకునే నలుపు తెలుపు చదరాలు), ఉచితంగా దొరికే ఓపెన్‌సీవీ సాఫ్ట్‌వేర్ తీసుకోండి. గుర్తును పెన్నుకు అంటించండి. పెన్ను కొనను చిన్న గుంటలో ఆనించి చుట్టూ తిప్పితే, గుర్తు నుంచి కొన ఎంత దూరమో లెక్క తేలుతుంది. నిజమైన నావిగేషన్‌లోనూ పరికరాన్ని ఇలాగే సరిచూస్తారు. తర్వాత గ్రాఫ్ కాగితం మీద చుక్కలు తాకుతూ, కంప్యూటర్ చెప్పిన స్థానానికీ అసలు స్థానానికీ తేడా రాసుకోండి. వైఫైతో కంప్యూటర్‌కు కలిపిన ఒక ఈఎస్‌పీ32 బోర్డుకు చిన్న మోటారు తగిలించి, హద్దు దాటగానే అది ఆగేలా చేయండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ ఉంటే, ఆగడానికి ఎంత ఆలస్యమైందో వీడియోలోనే లెక్కపెట్టొచ్చు. వైఫై రౌటర్ ఆపేసి మోటారు ఏం చేస్తుందో చూడండి.

రిపోర్టులో సగటు తేడాతో పాటు అన్నింటికన్నా పెద్ద తేడా కూడా రాయండి. చివర్లో ఒక పట్టిక పెట్టండి: ఏం చెడిపోవచ్చు, దానివల్ల రోగికి ఏమవుతుంది, ఆపడానికి ఏం చేశారు, అది పనిచేసిందని ఎలా పరీక్షించారు. వైద్య పరికరాల ప్రమాద విశ్లేషణకు ఐఎస్‌వో 14971 ప్రమాణం అడిగేది ఈ తరహా ఆలోచననే. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ పట్టికను, మోటారు ఆగని సందర్భాల వీడియోలతో సహా, వెంట తీసుకెళ్లండి.