కణములోనికి మందును మోసుకొనిపోవు పెప్టైడులు

'నానో' అను మాట ఇప్పుడు పల్లెలకును క్రొత్త కాదు. 2021లో నానో యూరియా సీసాలు విడుదలైన పిమ్మట రైతులు దానిని తరచుగా వినుచున్నారు. ఇదే మాట మందుల ప్రకటనలలో కనబడినపుడు, "దీనిని నమ్మవచ్చునా?" అని గ్రామస్థులు మొదట అడుగునది వార్డు సభ్యునే. కావున ఇందలి అసలు శాస్త్రమేమో పంచాయతీ సభ్యులు కొంత తెలిసికొనియుండుట మంచిది.

నానోమీటరు అనగా మిల్లీమీటరులో 10 లక్షలవ వంతు. మన దేహములోని ప్రతి జీవకణమును చుట్టి సుమారు 5 నానోమీటర్ల మందముగల క్రొవ్వుపొర యుండును. నూనెలో నీరు కలియనట్లే, నీటిలో కరగు పెద్ద అణువులు ఈ పొరను దాటజాలవు. ఇన్సులిన్‌కు ఈ చిక్కు లేదు. అది కణము వెలుపల నిలిచి తలుపు తట్టి పని జరిపించును. కాని కణము లోపలి లోపమును సరిదిద్దవలసిన మందు, అది మాంసకృత్తు గాని జన్యుసందేశము గాని, గడప దాటనిదే నిష్ప్రయోజనము. పరీక్షనాళికలో చక్కగా పనిచేసిన అణువులు పెక్కు దేహములో విఫలమగుటకు ఇది యొక ముఖ్యకారణము.

గడప దాటు విద్య వైరసులకు బాగుగా తెలియును. 2021లో మన గ్రామములలో విరివిగా వేసిన కోవిషీల్డు టీకాలో, వృద్ధి చెందలేకుండునట్లు మార్చిన వైరసే వాహనము. అయితే దేహము అట్టి వాహనమును గుర్తుపట్టి ఎదిరించుట నేర్చుకొనును. అందుచేత శాస్త్రజ్ఞులు అంతకంటె చిన్న వాహనములకై వెదకిరి. ఎయిడ్సు వైరసునకు చెందిన టాట్ అను మాంసకృత్తు తనంతట తాను కణములలోనికి పోగలదని 1988లో తెలిసినది. ఆ శక్తి అందలి యొక చిన్న ముక్కలోనే కలదని తరువాత తేలినది. ఆ ముక్క వలన ఎయిడ్సు రాదు. తాళపుచెవి చేతికి వచ్చినంతనే దొంగ ఇంట జొరబడినట్లు కాదు గదా!

ఇట్టి చిన్న ముక్కలనే పెప్టైడులందురు. ఇవి ఆమైనో ఆమ్లములను పూసలతో గ్రుచ్చిన పొట్టి దండలు. పూసలు ముఖ్యముగా 20 రకములు. వానిలో కొన్నిటికి నీరు ఇష్టము, కొన్నిటికి గిట్టదు. కొన్నిటిపై ధనవిద్యుత్తు, కొన్నిటిపై ఋణవిద్యుత్తు ఉండును. చారుపై తేలు నూనెచుక్కలు ఎవరును కలుపకయే ఒకదానితో నొకటి కూడుకొనుట మన మెరిగినదే. అట్లే నీరు గిట్టని పూసలు లోపలికి, నీటిని కోరు పూసలు వెలుపలికి తిరిగి, దండలన్నియు ఒక కట్టడముగా అమరును. మేస్త్రి లేకయే ఇటుకలు గోడయైనట్లు!

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో షుగువాంగ్ ఝాంగు, ఆయన సహచరులు 16 పూసల పెప్టైడొకటి ఉప్పునీటిలో తనంతట తాను పొరగా అల్లుకొనుటను 1993లో ప్రకటించిరి. ఆ కుటుంబమునకే చెందిన మరియొక పెప్టైడుతో చేసిన జిగురును, రక్తస్రావమును ఆపుటకై 2021లో అమెరికాలో అనుమతించిరి. ఇది గాయముపై పూయునదే గాని కణములోనికి పంపునది కాదు.

కణములోనికి సరకు మోయుటకు ఫ్రాన్సులోని మోంపెలియే నగర శాస్త్రజ్ఞులు 2001లో వివరించిన పెప్-1 మంచి ఉదాహరణము. దీనిలో 21 పూసలు కలవు. ఒక కొన క్రొవ్వును కోరును. రెండవ కొన ధనవిద్యుత్తు గలది. మాంసకృత్తుతో కలిపినంతనే, ఏ రసాయనపు ముడియు లేకుండ, ఈ దండలు దానిని చుట్టుకొని నానో పరిమాణపు మూటలగును. లోనికి పోయిన పిమ్మట మూట విడి, సరకు తన పనికి పోవును. ముడి వేయలేదు గనుకనే విప్పు శ్రమయు లేదు. ఈ పద్ధతిలోని అందమంతయు ఇదియే.

చిక్కులు లేకపోలేదు. లోనికి వచ్చిన మూటలను పెక్కింటిని కణము ఒక చిన్న తిత్తిలో బంధించి, అచ్చటనే జీర్ణము చేసికొనును. రక్తములోని ఎంజైములు దండలను త్రెంపును. ధనవిద్యుత్తు మితిమీరినచో కణపు పొరకే హాని. అందుచేత కణములోనికి మందు మోయు పెప్టైడు మూటలు చాలవరకు ప్రయోగశాలలలోను, జంతువులపై పరీక్షలలోను ఉన్నవి. క్రొవ్వుతో చేసిన ఇట్టి మూటలు మాత్రము 2020 చివరనుండి కోవిడ్ టీకాలలో కోట్లమందికి ఉపయోగపడినవి.

మ్రింగిన పెప్టైడు సాధారణముగా పప్పులోని మాంసకృత్తువలెనే కడుపులో అరిగిపోవును. ఇన్సులిన్‌ను సూదితో ఎక్కించుట అందుకే. కావున "నానో మాత్రతో మధుమేహము మాయము" అనువాడు ఊరికి వచ్చినచో, సభ్యులు మొదట లేబులుపై తయారీ లైసెన్సు సంఖ్యను, బ్యాచి సంఖ్యను చూడవలెను. కొనుగోలు రసీదు నడుగవలెను. మధుమేహము, క్యాన్సరు మున్నగు వ్యాధులను కుదుర్తుమని మందులకు ప్రకటనలు చేయుటను 1954 నాటి ఔషధ, అద్భుత చికిత్సల చట్టము నిషేధించుచున్నది. అట్టి కరపత్రము దొరకినచో దానిని జిల్లా ఔషధ తనిఖీ అధికారికి పంపవచ్చును.