పెద్దవారిలో ఏడీహెచ్‌డీ: మందలించని మొబైల్ యాప్ ఎలా ఉండాలి?

ఏడీహెచ్‌డీ అనగానే తరగతి గదిలో కుదురుగా కూర్చోలేని పిల్లవాడే మనకు గుర్తుకు వస్తాడు. ఆ పిల్లవాడు పెద్దవాడై, ఉద్యోగంలో చేరి, ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాక కూడా ఆ ఇబ్బంది అతనితోనే ఉండవచ్చునన్న సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. ఆడపిల్లల విషయంలో మరీ. వారిలో చాలామంది అల్లరి చేయరు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు, కాబట్టి ఎవరి దృష్టికీ రారు. ఇల్లు, ఆఫీసు, పిల్లల హోంవర్కు ఒక్కసారిగా మీద పడినప్పుడు గాని విషయం బయటపడదు. అప్పటికే "నిర్లక్ష్యం", "బద్ధకం", "బాధ్యత లేదు" అన్న మాటలు లెక్కలేనన్ని సార్లు విని ఉంటారు.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోర్సులు చేస్తూ, చివర్లో ఏం ప్రాజెక్టు చేయాలా అని వెతుక్కునే యువతీయువకులు మన కుటుంబాల్లో ఉన్నారు. అలాంటివారు ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవారి కోసం ఒక యాప్ తయారుచేయదలిస్తే అది ఎలా ఉండాలి? రోగులు, ఇంటివారు ఉన్న యాప్‌లలో ఒకటి ఎంచుకోవాలంటే ఏమి చూడాలి? ఈ రెండు ప్రశ్నలూ ఈ పాఠంలో చూద్దాం.

ముందు జబ్బు సంగతి

ఇది ఫోన్లు వచ్చాక పుట్టిన జబ్బు కాదు. తెలివితేటలు బాగానే ఉండి కూడా తమను తాము అదుపులో పెట్టుకోలేని పిల్లల గురించి 1902లోనే లండన్‌లో డాక్టర్ జార్జ్ స్టిల్ ఉపన్యాసాలిచ్చారు. పెద్దవారిలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. వంశపారంపర్యం ఎక్కువ. అందుకే కొడుకును చూపించడానికి వచ్చిన తండ్రి, డాక్టరుగారి ప్రశ్నలు వింటూ "ఇవన్నీ నాకూ ఉన్నాయి కదా" అనుకోవడం జరుగుతుంటుంది. లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలని 2013 నాటి అమెరికా మానసిక వైద్యుల నిబంధనలు చెబుతాయి. కాబట్టి నలభైలో కొత్తగా మరపు మొదలైతే ముందు థైరాయిడ్, నిద్రలేమి, దిగులు జబ్బు వంటివి చూడవలసి ఉంటుంది.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. ఏం చేయాలో వీరికి తెలుసు. తెలిసినదాన్ని చేయవలసిన చోట, చేయవలసిన వేళకు చేయడం దగ్గరే చిక్కు. అమెరికాలో ఈ విషయంపై ఏళ్ల తరబడి పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రసెల్ బార్క్‌లీ చెప్పే అసలు మాట ఇదే. కనుక సలహాలు, సూక్తులు నింపిన యాప్ వీరికి పనికిరాదు. తలలో నిలవని విషయాన్ని తల బయట, పని జరిగే చోట నిలబెట్టే యాప్ కావాలి.

ఫోనులోనే ఉన్న చిక్కు

అయితే ఆ యాప్ ఉండేది ఫోనులో. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒకరుంటారు. అవధాని పద్యం కడుతుండగా పొంతన లేని ప్రశ్నలు వేసి దృష్టి మళ్లించడమే ఆయన పని. ఎనిమిది మందిలో ఆయన ఒక్కరే. ఫోనులో మాత్రం ఎనిమిది మందీ ఆయన లాంటివారే!

కరెంటు బిల్లు కట్టాలని రాసుకుందామని ఫోను తీస్తే వాట్సాప్‌లో నాలుగు మెసేజ్‌లు కనిపిస్తాయి. ఇరవై నిమిషాల తరువాత ఫోను పక్కన పెడతారు, బిల్లు సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. కాబట్టి రాసుకునే బటన్ ఫోను తాళం తీయకముందే చేతికి అందాలి. ఒక్కసారి నొక్కి తెలుగులో చెబితే సరిపోవాలి. తెలుగు మాటను అక్షరాలుగా మార్చే సౌకర్యం గూగుల్ కీబోర్డులో 2017 నుంచీ ఉంది, కాబట్టి అది పెద్ద కష్టమేమీ కాదు. పాస్‌వర్డు, "ఇది ఏ విభాగం?", "ఎంత ముఖ్యం?" వంటి ప్రశ్నలు ఆ క్షణంలో అడగకూడదు. అవి అడిగేలోపు ఆలోచన పోతుంది.

తరువాతది సమయం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవారికి పది గంటలకు బంజారా హిల్స్ రోడ్ నంబర్ 1లో ఇంటర్వ్యూ ఉందనుకుందాం. మామూలు క్యాలెండరు 9.45కి గంట కొడుతుంది. ఆలస్యమైందని తెలియడం తప్ప ఆ గంట వల్ల ప్రయోజనం లేదు. మంచి యాప్ వెనక నుంచి లెక్క కట్టాలి. పంజాగుట్ట మెట్రోలో దిగాక ఆటోకు ఎంత, రైలులో ఎంత, స్టేషనుకు నడక ఎంత, సర్టిఫికెట్ల ఫైలు, బండి తాళాలు వెతకడానికి ఎంత (ఈ చివరిదాన్ని ఎవరూ లెక్కలో వేయరు) అన్నీ కూడి, "8.15కి స్నానానికి లేవండి" అని చెప్పాలి. మిగిలిన సమయం అంకెల్లో కాక ఆకారంగా కనిపిస్తే ఇంకా మంచిది. అమెరికాలో జాన్ రోజర్స్ అనే తల్లి, "ఇంకా ఎంతసేపు?" అని అడిగే చిన్న కూతురి కోసం టైం టైమర్ అనే గడియారం తయారుచేశారు. అందులో ఎర్రని బిళ్ల కరిగిపోతూ కనిపిస్తుంది. డెన్మార్క్‌లో పుట్టిన టీమో అనే యాప్ కూడా రోజంతటినీ రంగులు, బొమ్మలుగా చూపిస్తుంది.

పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం గురించి అందరూ చెబుతారు. మొదటి మెట్టు రెండు నిమిషాల్లో అయ్యేదిగా ఉండాలన్నది మాత్రం మరచిపోతారు. "ఇన్సూరెన్సు రెన్యువల్" అన్నది పని కాదు, ఒక బరువు. "పాత పాలసీ కాగితం టేబుల్ మీద పెట్టండి" అన్నది పని. దాన్ని ఒక గుర్తుకు ముడిపెట్టాలి: కాఫీ తాగి గ్లాసు కింద పెట్టగానే ఆ కాగితం తీస్తాను, అని. ఇలా "ఫలానాది జరగగానే ఇది చేస్తాను" అని ముందే అనుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో వివరించారు.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. మాత్ర వేసుకున్నారో లేదో గుర్తులేనివారికి యాప్ పదేపదే గంట కొడితే రెండోసారి వేసుకునే ప్రమాదం ఉంది. వేసుకోగానే నొక్కే బటన్ ఉండాలి. సందేహం వచ్చినప్పుడు ఏమి చేయాలో డాక్టరుగారు ముందే చెప్పిన మాటనే యాప్ చూపాలి. "మళ్లీ వేసుకోండి" అని అది ఎన్నడూ చెప్పకూడదు.

తిరిగి వచ్చిన రోజు

యాప్ మంచిచెడ్డలు తేలేది ఇక్కడే అని మా అభిప్రాయం. కొత్త యాప్‌ను మొదటి వారం ఎవరైనా ఉత్సాహంగా వాడతారు. ఆ తరువాత ఒక జ్వరమో, గుంటూరులో బంధువుల పెళ్లో వస్తుంది. పది రోజులు దాని ముఖం చూడరు. పదకొండో రోజున తెరుస్తారు. అప్పుడు తెర మీద ఏముంటుంది?

చాలా యాప్‌లలో ఎర్ర అక్షరాలతో "43 పనులు మిగిలిపోయాయి" అని ఉంటుంది. వరుసగా వచ్చిన రోజుల లెక్క సున్నాకు పడిపోయి ఉంటుంది. కొన్నింటిలో వాడిపోయిన మొక్క బొమ్మ కూడా ఉంటుంది. మూడో తరగతి నుంచి తిట్లు తింటున్న మనిషికి ఇది మరొక పంతులుగారి బెత్తమే. వెంటనే మూసేస్తాడు. యాప్ పోతే పోయింది, కాని "నా వల్ల కాదు" అన్నది ఇంకొకసారి రుజువైందని అతను అనుకుంటాడు. ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవారిలో దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తాయి. కనుక ఇది చిన్న విషయం కాదు.

దాని బదులు "వచ్చారా, మంచిది. ఈ రోజు ఒక్క పని చూద్దామా?" అని ఉండాలి. గడువు తేదీ ఉన్నవాటిలో అన్నిటికంటే తొందరైనది ఒక్కటే పైకి రావాలి. మిగిలినవి ఒక పెట్టెలోకి చప్పుడు లేకుండా పోవాలి. వరుస లెక్కకు బదులు "ఈ నెలలో 17 రోజులు వచ్చారు" అని చూపితే, పదిరోజుల విరామం ఆ 17ను చెరిపేయదు. భాష కూడా చూసుకోవాలి. ఇంగ్లీషు నుంచి యంత్రం దించిన తెలుగులో "చర్య విఫలమైంది" అని ఉంటుంది. ఆ మాట పోలీసు నోటీసులా ఉంది! "ఇంకా కాలేదా అండీ? రేపటికి పెట్టమంటారా?" అంటే సరిపోతుంది.

ఇంటివారి పాత్ర

"మా ఆయన ఏం చేశాడో నా ఫోనులో కనిపించాలి" అని అడిగే భార్యలు, "మా అబ్బాయిది నాకు కనిపించాలి" అనే తల్లులు ఉంటారు. వారి అలసట నిజమైనదే. ఎన్నో ఏళ్లుగా ఆ ఇంటికి గుర్తుచేసే గడియారం వారే. అయినా చేయని పనుల జాబితా ఇంకొకరి ఫోనుకు పోతే అది సాయం కాదు, కాపలా. ఏది చూపాలో వాడేవారే ఎంచుకోవాలి. "ఈ బిల్లు నువ్వు కట్టు, ఈ ఫోను నేను చేస్తాను" అని పంచుకునే వీలు ఉంటే ఇద్దరికీ బరువు తగ్గుతుంది.

పక్కన ఒకరు ఊరికే కూర్చుని ఉంటే పని సాగడం చాలామంది చెప్పే అనుభవం. అమీర్‌పేటలో డబ్బు కట్టి స్టడీ హాల్లో కుర్చీ తీసుకునే కుర్రవాళ్లకు ఈ రహస్యం తెలుసు. హాస్టల్ గదిలో కూడా పుస్తకం అదే, కాని చుట్టూ చదివేవారు లేరు. యాప్‌లో "అరగంట నాతో కూర్చుంటావా?" అని ఒక స్నేహితునికి పంపే బటన్ పెట్టడం కష్టమేమీ కాదు.

ఇక గోప్యత. పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లలో ఒక జబ్బు పేరు బయటికి వస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. వివరాలు వీలైనంతవరకు ఆ ఫోనులోనే ఉండాలి. కాంటాక్టులు, ఫొటోలు అడిగే యాప్‌ను అనుమానించండి. గుర్తుచేసే యాప్‌కు అవెందుకు? వ్యక్తిగత సమాచారం తీసుకునేటప్పుడు అనుమతి కోరాలని, ఆ అనుమతిని వెనక్కు తీసుకునే హక్కు మనకుందని 2023లో మన పార్లమెంటు చేసిన చట్టం చెబుతోంది.

యాప్ చేయలేనివి

యాప్ జబ్బును నిర్ధారించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి తయారుచేసిన ఆరు ప్రశ్నల పట్టిక ఒకటుంది, కాని అది డాక్టరు దగ్గరకు వెళ్లాలో లేదో తేల్చుకోవడానికే. మిథైల్‌ఫెనిడేట్, అటోమోక్సెటిన్ వంటి మందులు చాలామందికి మేలు చేస్తాయి. బి.పి., నాడి చూసి డాక్టరే రాయాలి, స్నేహితుని దగ్గర తీసుకుని వాడకూడదు. పంజాగుట్టలోని నిమ్స్‌లోను, ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలలోను ఈ నిపుణులు ఉన్నారు. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

తయారుచేసే యువతకు ఒక సూచన. మీ యాప్‌ను అయిదారుగురికి ఇచ్చి మూడో రోజున అభిప్రాయం అడగకండి. అప్పటికి అందరూ బాగుందనే అంటారు. ఆరు వారాలు ఆగండి. మధ్యలో ఎవరెవరు వాడడం మానేశారో చూడండి. మానేసి మళ్లీ తెరిచినవారి పక్కన కూర్చుని, ఆ తెర చూడగానే ఏమనిపించిందో అడిగి వారి మాటల్లోనే రాసుకోండి.