మొక్కజొన్న చిరుతిండి – ఉప్పు లెక్క

మాన్‌స్టర్ మంచ్ అనే చిరుతిండి బ్రిటన్‌లో 1977 నుంచి ఉంది. ఇప్పుడు వాకర్స్ పేరుతో అమ్ముతున్నారు. మొక్కజొన్న పిండిని రాకాసి పాదాల ఆకారంలో పొంగించి, ఉల్లి ఊరగాయ వంటి రుచుల పొడి పట్టిస్తారు. విలాయత్ నుంచి వచ్చే బంధువులు తెస్తే, పిల్లలకు ఇచ్చే ముందు పొట్లం వెనుక చదవండి.

యునానీలో ఉప్పు మిజాజ్ వేడి, పొడి. అతిగా తింటే యుబూసత్, అంటే ఒంట్లో పొడితనం పెరుగుతుందని చెబుతారు. ఉప్పు ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుందని ఆధునిక వైద్యమూ అంటుంది. పెద్దలకే రోజుకు 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పిల్లలకు ఇంకా తక్కువ.

బ్రిటన్ పొట్లాలపై ఉప్పు అనే రాస్తారు. మన పొట్లాలపై సోడియం అని ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చించండి. 100 గ్రాముల తిండిలో 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటే, ఉప్పు 1.5 గ్రాములు. అంతకు మించితే బ్రిటన్‌లో ఎక్కువ ఉప్పు కింద లెక్క.

ఎప్పుడైనా భోజనం తరువాత గుప్పెడు ఇవ్వండి. రోజూ అడిగే పిల్లలకు మొక్కజొన్న పొత్తు ఉడికించి పెట్టండి. అప్పుడు ఉప్పు మీ చేతిలో ఉంటుంది.