ఆరుగురు ఎందుకు?

సుధాకర్,

సామిల్లులో బ్యాండ్‌సా బేరం కుదిరిందనీ, బయానా ఇచ్చాననీ, ఆదివారం ఆరుగురు కుర్రాళ్లొస్తే మోసుకొచ్చి షెడ్డులో పెట్టేస్తామనీ రాశావు. మిషను మంచిదే. ఆ ఆరుగురి దగ్గరే నాకు పేచీ. 400 కిలోల ఇనుముకు ఎంతమంది కావాలని లెక్క వేస్తున్నావంటే, దాన్ని ఎత్తాలని ముందే తీర్మానించుకున్నావన్నమాట. ఎత్తాల్సిన పని లేదు. గేటు దగ్గర దిగిన మిషన్ని నేల నుంచి జానెడు కూడా లేపకుండా లోపలికి తేవచ్చు, అలాగే తేవాలి.

తలా 67 కిలోలే కదా అంటావు. ఆ భాగహారం కాగితం మీదే చెల్లుతుంది. బ్యాండ్‌సా బరువు ఒకవైపుకు ఉంటుంది, సరైన పట్టు ముగ్గురికి మించి దొరకదు, ఒకడి చెయ్యి జారితే అతని వాటా ఆ క్షణంలోనే మిగతావాళ్ల మీద పడుతుంది. 67 కిలోలు కూడా తక్కువేం కాదు. ఒక మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మరి హమాలీలు వంద కిలోల బస్తా మోయడం లేదా? మోస్తారు, వాళ్ల నడుముల సంగతి వాళ్లనే అడగాలి. అయినా బస్తా వీపు మీద ఒదిగి కూర్చుంటుంది, పట్టు తప్పితే వదిలేసి పక్కకు తప్పుకుంటారు. మిషన్ని అలా వదిలేస్తే టేబులు ఫెళ్లున విరుగుతుంది, పోత ఇనుము నొక్కుడుకు ఆగినంతగా వంపుకు ఆగదు. దాన్ని మళ్లీ అతికించడం మామూలు వెల్డరు వల్ల అయ్యే పని కాదు.

బరువుకంటే ఎక్కువ భయపడాల్సింది ఎత్తుకు. పీఠం వెడల్పు రెండడుగులు, బరువు కేంద్రం మూడడుగుల ఎత్తున ఉందనుకో. 18 డిగ్రీలు ఒరిగిందంటే ఇక ఆరుగురు కాదు, పదిమంది ఉన్నా ఆగదు. మూడడుగులకు అడుగు చొప్పున లేచే బల్ల వాలు సరిగ్గా అంతే, ట్రాలీ ఆటోకు ఆనించే బల్లలు చాలావరకు అంతకంటే నిటారుగా ఉంటాయి. అదే మిషన్ని వెన్ను మీద పడుకోబెట్టి రెండు దూలాలకు బిగిస్తే కేంద్రం అడుగు ఎత్తుకు దిగుతుంది, 45 డిగ్రీల దాకా నిలబడుతుంది. మిల్లులో దుంగలు లేపే చైన్ పుల్లీ ఎలాగూ ఉంటుంది కనుక పడుకోబెట్టడం, బండికెక్కించడం అక్కడే కానివ్వు. మీ గేటు దగ్గర దించడానికి హైడ్రా క్రేను పిలిపించు. ఆ ఖర్చు చూసి వెనకాడకు.

మిషను భాగాలు విప్పితే అలైన్‌మెంట్ పోతుందని మిల్లు మేస్త్రీ అంటాడు. అందులో సగం నిజం. చక్రాల జోలికీ, షాఫ్టుల జోలికీ పోవద్దు. బ్లేడు, టేబులు, మోటారు మాత్రం విప్పాల్సిందే, అవి కొత్త చోట ఎలాగూ మళ్లీ సరిచూసుకోవాల్సినవే. ముందు బిగువు వదులు చేసి బ్లేడు తియ్యి. టేబులు కింద పల్చటి రేకుముక్కలుంటే ఏది ఏ బోల్టు దగ్గరిదో చాక్‌పీసుతో రాసి పెట్టుకో.

ఇక గేటు నుంచి షెడ్డు దాకా ఇనుప పైపులు, గడ్డపార చాలు. అయిదడుగుల గడ్డపారకు మొన నుంచి మూడంగుళాల దూరంలో దిమ్మ పెడితే పంతొమ్మిదింతల బలం వస్తుంది. ఒక కొస లేపడానికి పది, పన్నెండు కిలోల ఒత్తిడి సరిపోతుంది. అంగుళం లేపు, పైపు తోయి, దించు. చెయ్యి ఎప్పుడూ కిందికి పోకూడదు, పైపును కర్రతోనే జరపాలి. టైల్సు మీద మందపాటి ప్లైవుడ్ పరువు. గడప దగ్గర రెండు వైపులా దానికంటే అర అంగుళం ఎత్తుగా దిమ్మలు పేర్చి, పైన పలక వెయ్యి. బరువు గడపను తాకకుండా దాటిపోతుంది, మీ నాయనమ్మతో మాటపడే పనీ ఉండదు. ఇది నిదానంగా సాగే పని, పూట పడుతుంది. ముగ్గురు చాలు: గడ్డపారకొకడు, పైపులకొకడు, ఆగమని అరిచేందుకొకడు. ఆ మూడోవాడు చెయ్యి వెయ్యకూడదు.

నిలబెట్టేటప్పుడు మాత్రం రేకుల షెడ్డు పైపుకు పుల్లీ తగిలించకు, అది రేకుల్ని మోయడానికి వేసింది. బోరు మోటార్లు లాగేవాళ్ల దగ్గర మూడుకాళ్ల స్టాండు ఉంటుంది, పూటకు అద్దెకు అడుగు.

మిగతా సొమ్ము కట్టే ముందు మోటారు నేమ్‌ప్లేటు ఫోటో తీసి పంపు. మిల్లు మోటార్లు మామూలుగా త్రీఫేజ్‌వి. మీ ఇంటి మీటరు సింగిల్ ఫేజ్‌ది.

మీ మావయ్య