జపాను ట్రాక్టరు టెక్సస్ చేరేదాకా

టెక్సస్‌లో నాలుగెకరాలో పదెకరాలో కొన్న మనవాళ్ల పిల్లలు మొదటి వేసవిలో మోకాలెత్తు గడ్డి చూసి దిగాలు పడతారు. తరవాత జపాను వేలంపాటల్లో పాత యన్మార్, ఇసెకీ ట్రాక్టర్ల ధరలు చూసి హుషారవుతారు. ఆ హుషారులోనే నాకు ఫోను చేస్తారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

1. బ్రాండు తేలాకే బేరం. నారింజరంగు కుబోటా చవగ్గా కనిపించిందని అడ్వాన్సు పంపెయ్యకండి. జపాను రైతుల కోసం తయారైన పాత కుబోటాలను బయటివాళ్లు అమెరికాకు తెచ్చి అమ్మడం మీద 1990ల్లో పెద్ద వ్యాజ్యం నడిచింది. ఇక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ 1997లో ఆ దిగుమతులను ఆపింది. ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 1999లో దాన్నే ఖాయం చేసింది. బండి అసలుదే, పేరూ అసలుదే. కానీ హెచ్చరికలు జపనీసులో ఉన్నాయి, విడిభాగాలు వేరు, ఇక్కడి డీలరుకు ఆ మోడళ్లతో సంబంధం లేదు, పేరు నమ్మి కొన్నవాడు నష్టపోతాడు అన్నది కుబోటా కంపెనీ వాదన. అందులో కంపెనీ వ్యాపారమూ ఉంది, నిజమూ ఉంది. మనకు కావలసింది మాత్రం ఒక్కటే, రేవులో ఆగిపోయే బండి వద్దు.

2. ఇంజను ఏ ఏడాదిదో రాతపూర్వకంగా తెప్పించుకోండి. పర్యావరణ సంస్థ ఈపీఏకు 3520-21 అనే ఫారం ఇవ్వాలి. 37 కిలోవాట్ల లోపు, అంటే సుమారు 50 హార్స్‌పవర్ లోపు డీజిల్ ఇంజన్లకు పొగ నిబంధనలు 1999, 2000లలో మొదలయ్యాయి. 1980ల నాటి చిన్న ట్రాక్టరు వాటి కిందికి రాదు. 2005 నాటిదైతే ఇంజను మీద ఈపీఏ లేబుల్ ఉండాలి. కొత్తదైతే మంచిదనే మన లెక్క ఇక్కడ తలకిందులు.

3. మట్టి కడిగించండి. వరిమడిలో తిరిగిన బండి కదా, టైర్ల గాళ్లలో, రోటావేటరు కత్తుల సందుల్లో బురద గట్టిపడి ఉంటుంది. విదేశీ మట్టి కనిపిస్తే వ్యవసాయ తనిఖీవాళ్లు వదలరు. శుభ్రం చేయించే ఖర్చు మీది, లేదంటే వెనక్కి పంపే ఖర్చు మీది.

4. అమ్మేవాడు చెప్పే ధర సగం కథ. ఎఫ్‌ఓబీ అంటే ఓడ ఎక్కించేదాకా, సీఐఎఫ్ అంటే ఓడ కిరాయి, బీమా కలిపి మన రేవుదాకా. ఆ తరవాత రేవు చార్జీలు, కంటైనరు విప్పే గోదాము చార్జీలు, సుంకం ఉంటే సుంకం, ఇంటిదాకా లారీ. సరుకు విలువ 2,500 డాలర్లు దాటితే మామూలుగా బాండు కూడా కావాలి. కస్టమ్స్ బ్రోకరును బండి కొన్నాక కాదు, కొనకముందే మాట్లాడుకోండి. కంటైనరు సరుకు వివరాలు జపానులో ఓడ ఎక్కడానికి 24 గంటల ముందే ఇక్కడి కస్టమ్స్‌కు చేరాలి. తప్పితే జరిమానా 5,000 డాలర్లదాకా ఉంటుంది. కొన్ని ట్రాక్టర్ల ఖరీదే అంత ఉండదు!

5. ఇది ఒకటికి రెండుసార్లు చదవండి. ఆ బండి తడిమడిలో దమ్ము చెయ్యడానికి పుట్టింది. ఒళ్లు సన్నం, బరువు తక్కువ. వాలు నేలమీద అడ్డంగా నడిపితే పక్కకు పడుతుంది. అమెరికాలో అమ్మే ట్రాక్టర్లకు 1985 నుంచి తయారీదార్లు డ్రైవరు వెనక ఇనుప కమాను, దాన్ని రాప్స్ అంటారు, సీటుబెల్టు బిగించే ఇస్తున్నారు. జపాను నుంచి వచ్చే పాత బండ్లకు చాలావాటికి అది ఉండదు. దాన్ని అమర్చే ఖర్చును కూడా బండి ధరలోనే కలపండి. ఇంట్లో వెల్డింగ్ వచ్చిన బావమరిది ఉన్నాడని పైపు వంచి అతికించుకోవద్దు, పరీక్షకు నిలిచినదే కొనండి.

ఇక పీటీవో, అంటే వెనక తగిలించిన యంత్రాన్ని తిప్పే షాఫ్టు. ఇక్కడ మనం తగిలించే గడ్డికోత యంత్రాలు నిమిషానికి 540 చుట్లకు చేసినవి. జపాను బండికి పీటీవో గేర్లు మూడో నాలుగో ఉంటాయి, సాధారణంగా అన్నిటికన్నా కింది గేరే 540 దగ్గర తిరిగేది. లీవరు పక్కన రాసింది జపనీసు. పై గేరులో కోతయంత్రం తిప్పితే కత్తి ఎగిరి ఎక్కడ పడుతుందో చెప్పలేం. గుర్తులన్నీ తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి అతికించాకే తాళం తిప్పండి. పిల్లలూ వారాంతం చుట్టాలూ ఆ సీటెక్కకుండా ఉండరు.

6. గంటల మీటరును నమ్మకండి. పెడల్ అరుగుదల, స్టీరింగ్ వదులు, ముందు ఇరుసు దగ్గర నూనె కారడం, వీటికి దగ్గరి ఫొటోలు అడగండి.

7. ఇక్కడ అమ్మిన మోడలుకు కవల దొరికితే అదే కొనండి. జపాను యన్మార్ వైఎం2000కు అమెరికాలో వైఎం240 అని పేరు. అందుకే దాని ఫిల్టరు, గాస్కెట్టు ఇప్పటికీ దొరుకుతాయి. అరుదైన మోడల్లో ముచ్చట ఎక్కువ, సామాను తక్కువ.

8. "ఇలాంటిదే ఒకటి ఊళ్లో నాన్నకు పంపుదామా అంకుల్?" అని చివర్లో అందరూ అడుగుతారు. వద్దు. భారతదేశంలోకి వాడిన బండి తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, అదీ ముంబయి రేవు గుండానే. పాత యన్మార్ అక్కడే ఆగిపోతుంది. అయినా కుబోటాలు ఫరీదాబాద్‌లో, సోలిస్ యన్మార్లు హోషియార్‌పూర్‌లో కొత్తవే తయారవుతున్నాయి. నాన్నగారి పొలం ఎంత, మడి గట్లు ఎంత దగ్గరగా ఉన్నాయి, కూలికి తిప్పుతారా అని ఆయన్నే అడిగి డబ్బు పంపండి. డీలరు దగ్గర బేరమాడే పని ఆయనకే వదిలెయ్యండి, మీకన్నా బాగా ఆడతారు.