ఈ రూపాయి బిళ్ళ వెండిదేనా?

మీ ఇంట్లో పాత వెండి రూపాయి ఉందా? నానమ్మ పెట్టెలోనో, దేవుడి పటాల ముందున్న పళ్ళెంలోనో ఒకసారి వెతికి చూడండి. ఆదిలాబాద్ జిల్లా పిల్లలైతే అంతగా వెతకనక్కరలేదు. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వెళ్ళే పెద్ద రోడ్డు మీద ఇచ్చోడ ఉంది కదా! ఆ చుట్టుపక్కల గోండు గూడేలలో, లంబాడా తండాలలో రూపాయి బిళ్ళలు గుచ్చిన దండలు పెద్దవాళ్ళ మెడల్లో కనిపించేవి. కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. బ్యాంకులు లేని కాలంలో ఆ దండే బ్యాంకు. పంట పోయిన ఏడు ఒకటో రెండో బిళ్ళలు ఊడదీసి అమ్ముకుంటే ఇల్లు గడిచేది. దండలో నకిలీ బిళ్ళ చేరితే ఆ సంగతి సరిగ్గా అలాంటి గడ్డు రోజునే, తూకం వేసేవాడి ముందు బయటపడుతుంది. కాబట్టి సంతలోనో జాతరలోనో ఎవరైనా "పాత వెండి రూపాయి" అని చేతిలో పెడితే, డబ్బు ఇవ్వకముందే పరీక్షించడం నేర్చుకోవాలి.

ముందు అసలు బిళ్ళ సంగతి తెలియాలి. విక్టోరియా రాణి, ఏడో ఎడ్వర్డు, ఐదో జార్జి బొమ్మలున్న రూపాయి బరువు 11.66 గ్రాములు. ఒక తులం అంటే అంతే. (బంగారం కొట్లలో ఇప్పుడు పది గ్రాములను తులం అంటున్నారు, ఆ లెక్క వేరు.) దానిలో పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి, మిగిలింది రాగి. నైజాం ప్రభుత్వం ముద్రించిన, చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా రూపాయి కొంచెం తేలిక. అది సుమారు 11.18 గ్రాములు ఉంటుంది, వెండి నూటికి 82 పాళ్ళ దాకా ఉంటుంది. 1940 నుంచి ఇంగ్లీషు రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. 1947లో వచ్చిన రూపాయి అచ్చంగా నికెల్. దానిలో వెండి చుక్క కూడా లేదు.

బరువు సరిపోతే చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. వందేళ్ళు మెడలో ఊగిన బిళ్ళ అరిగిపోయి 11.3 గ్రాములే తూగవచ్చు, అయినా అది అసలుదే. మరోవైపు, మోసగాడు తన బిళ్ళను కాస్త మందంగా చేసి సరిగ్గా 11.66 గ్రాములు తూగేలా చేయగలడు. ఎంత అరిగినా మారనిది, ఎంత మందం చేసినా దాచలేనిది ఒకటుంది. అదే సాంద్రత, అంటే ఒక ఘన సెంటీమీటరు లోహం ఎన్ని గ్రాములు తూగుతుందనేది. శుద్ధమైన వెండికి అది 10.49, రాగికి 8.96. పాత రూపాయి మిశ్రమానికి లెక్క వేస్తే సుమారు 10.3 వస్తుంది. "జర్మన్ సిల్వర్" అనే తెల్లని లోహం ఉంది. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి లేదు, ఉన్నది రాగి, నికెల్, తుత్తునాగం. దాని సాంద్రత 8.6 ప్రాంతంలో ఉంటుంది.

ఇప్పుడు ఆర్కిమెడిస్‌ను పిలుద్దాం. అవుసలి దగ్గర ఉండే, గ్రాములో నూరో వంతు వరకు చూపే ఎలక్ట్రానిక్ త్రాసు కావాలి. బిళ్ళను ముందు ఊరికే తూచండి. తరువాత ఒక గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తీసుకురండి. బిళ్ళను సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగునూ అంచులనూ తాకకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీయండి. త్రాసు మీద ఒక చిన్న అంకె కనిపిస్తుంది. బిళ్ళ ఎన్ని గ్రాముల నీటిని పక్కకు నెట్టిందో అదే ఆ అంకె. ఒక గ్రాము నీరు దాదాపు ఒక ఘన సెంటీమీటరు కనుక, బిళ్ళ ఘనపరిమాణం కూడా అదే! మొదటి బరువును ఈ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 11.66 గ్రాముల అసలు రూపాయికి ఆ అంకె 1.13 రావాలి. జర్మన్ సిల్వర్ బిళ్ళకైతే 1.36 వస్తుంది. తేడా గ్రాములో నాలుగో వంతు కూడా లేదు, కాబట్టి కూరగాయల త్రాసు ఇందుకు పనికిరాదు. బిళ్ళకు గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది. ముందుగా సబ్బు నీటిలో ముంచి కడగండి.

తొందరపడి "నకిలీ!" అని అరవకండి. అంకె 1.22 వస్తే బిళ్ళ మీద సంవత్సరం చూడండి. 1942 అని ఉంటే ఆ రూపాయి నిక్షేపంగా అసలుదే, అందులో వెండి సగమే. 1912 అని ఉండి 1.22 వస్తే మాత్రం అనుమానించవలసిందే. దండలోంచి తీసిన బిళ్ళలతో ఇంకో చిక్కు ఉంది. దారం గుచ్చడానికి పైన కొండి అతికి ఉంటుంది. ఆ కొండి బరువూ, టంకం బరువూ లెక్కలోకి వచ్చేస్తాయి.

ఈ పరీక్షను కూడా ఏమార్చవచ్చు. సీసం వెండి కంటే బరువైనది (సాంద్రత 11.34), తగరం తేలికైనది (7.3). సుమారు 82 పాళ్ళ సీసానికి 18 పాళ్ళ తగరం కలిపితే సరిగ్గా రూపాయి సాంద్రతే వస్తుంది! కానీ ఆ మిశ్రమం మెత్తన. బిళ్ళను వేలి కొసన నిలిపి మరో నాణెంతో తట్టండి. వెండి సన్నగా, చాలాసేపు మోగుతుంది. సీసం "ఠప్" అని ఊరుకుంటుంది. తెల్ల కాగితం మీద గీస్తే బూడిద రంగు గీత కూడా పడుతుంది. పాత సరాఫులు రూపాయిని రాతి మీద వేసి మోగించింది ఊరికే కాదు.

తరువాత కళ్ళకు పని చెప్పండి. అసలు రూపాయి అచ్చుల నడుమ ఒత్తిడితో ముద్ర పడినది, అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. నకిలీని సాధారణంగా అసలు బిళ్ళతో మూస తీసి, కరిగిన లోహం పోసి చేస్తారు. దాని మీద గాలి బుడగల గుంటలు, మొద్దుబారిన అక్షరాలు, అంచు చుట్టూ మూస అతుకు గీత, ఆ గీతను ఆకురాయితో రాకిన గుర్తులు భూతద్దంలో దొరికిపోతాయి. పోసిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది కనుక బిళ్ళ అసలుదాని కంటే వెంట్రుకవాసి చిన్నదవుతుంది కూడా. ఇక రాముడి పట్టాభిషేకం, హనుమంతుడి బొమ్మలతో "ఈస్టిండియా కంపెనీ 1818" అని రాసి అమ్మే నాణేలకు ఏ పరీక్షా అక్కరలేదు. అలాంటి నాణేలను కంపెనీ ముద్రించనేలేదు. అవి బియ్యపు గింజలను లాగుతాయని చెప్పేవాడి దగ్గర ఒక్క క్షణం కూడా నిలబడకండి.

ఈ దొంగా పోలీసు ఆట కొత్తదేమీ కాదు. గ్రీసు దేశంలో ఏథెన్సు నగరం ఒకవైపు ఎథీనా దేవత, మరోవైపు గుడ్లగూబ ఉన్న వెండి నాణేన్ని ముద్రించేది. బరువు సుమారు 17.2 గ్రాములు, దాదాపు శుద్ధమైన వెండి. దానికెంత పేరంటే ఇరుగుపొరుగు దేశాలవారు కూడా ఆ గుడ్లగూబనే అనుకరించారు. మోసగాళ్ళు రాగి ముక్క చుట్టూ వెండి రేకు చుట్టి, కాల్చి, ముద్ర కొట్టి చెలామణి చేశారు. క్రీస్తు పూర్వం 375లో ఏథెన్సువారు ఒక చట్టం చేసి రాతి మీద చెక్కించారు. ఆ రాయి 1970లో తవ్వకాలలో దొరికింది. దాని ప్రకారం నగర సంతలో ఒక పరీక్షకుడు కూర్చోవాలి. అతడు ప్రభుత్వ బానిస. లోపల కంచో సీసమో ఉన్న నాణెం వస్తే అక్కడికక్కడే నరికి, దేవతల తల్లి గుడికి చెందేలా చేయాలి. అతడు మంచిదని చెప్పిన నాణేన్ని కాదన్న వ్యాపారి ఆ రోజు సరుకు పోగొట్టుకుంటాడు! ఒక బానిస మాటకు వ్యాపారులందరూ తలవంచవలసి రావడం నాకు మహా ఆశ్చర్యంగా ఉంటుంది. ఈనాడు దొరికే గుడ్లగూబ నాణేలలో చాలావాటి మీద ఉలి గాట్లు ఉన్నాయి. లోపల కూడా వెండేనా అని ఆనాటివాళ్ళు చూసుకున్న గుర్తులవి.

ప్రాచీన నాణేలను చేత్తో, సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టేవారు కనుక ముద్ర ఒకదానిపై ఎడమకు, మరోదానిపై కుడికి జరిగి ఉంటుంది, అంచులు వేరువేరు చోట్ల పగులుతాయి. అమ్మేవాడి దగ్గర ఒకేచోట పగులు, ఒకేచోట గీత ఉన్న రెండు "ప్రాచీన" నాణేలు కనబడితే రెండూ ఒకే మూసలోంచి వచ్చినవన్నమాట.

మన ప్రాంతంలోనూ ఆ కాలపు వెండి దొరికింది. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు తవ్వకాలలో శాతవాహన నాణేలతో పాటు రోము చక్రవర్తులు ఆగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు బయటపడ్డాయి. మీ చేలో నాగలికి అలాంటి కుండ ఏదైనా తగిలితే సంతకు తీసుకుపోకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం ముందు కలెక్టరుకు తెలియజేయాలి.

చివరగా మీకో లెక్క. ఒకరు 17.2 గ్రాముల గుడ్లగూబ నాణెం తెచ్చారు. నీటిలో వేలాడదీస్తే త్రాసు 1.90 చూపింది. పైన చూస్తే తళతళలాడే వెండి. లోపల ఏ లోహం ఉండవచ్చు?